జీడిపప్పు పందెం, 376

లెక్కల ముచ్చట్లు
(పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ లెక్కల టీచరు జవాబులు)

ప్రశ్న: టీచరుగారూ, మాది శ్రీకాకుళం టౌను. పిన్‌కోడ్ 532001. పార్సిళ్ల మీద అడ్రసు రాసీ రాసీ ఒకరోజు అనుమానం వచ్చింది, ఇది ప్రధాన సంఖ్య కాదు కదా అని. 2, 3, 5, 7, 11, 13 దాకా చూశాను, దేనితోనూ పోలేదు. ఆ మాట విజయనగరంలో ఉన్న మా బావతో అంటే, "ఏటి బావా, మీ ఊరిదేనా గొప్ప? మా షాపు 535001. అదీ అంతే" అన్నాడు. అరకిలో పలాస జీడిపప్పు పందెం కట్టుకున్నాం. రెండూ ప్రధాన సంఖ్యలేనా? ఎక్కడి దాకా భాగించి చూస్తే సరిపోతుంది?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: బాబూ, ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ పందెంలో నేను తటస్థురాలిని కాను. నా పుట్టిల్లు శ్రీకాకుళం, అత్తవారిల్లు విజయనగరం. ఏ ఊరు గెలిచినా నాకు ఇంకో ఊళ్లో మాట పడుతుంది. అయినా చెప్పక తప్పదు. 532001 ప్రధాన సంఖ్యే. 535001 కాదు, అది 47 × 11383. పలాస ఎలాగూ మీ జిల్లాలోనే ఉంది కాబట్టి, మీ బావగారు ఓడిపోయిన సొమ్ము కూడా మీ జిల్లాలోనే ఖర్చు పెట్టాలి.

ఎక్కడి దాకా చూడాలి అన్నారు కదా. 729ని 729తో గుణిస్తే 531441. 730ని 730తో గుణిస్తే 532900, అంటే మీ పిన్ దాటిపోయింది. 532001 రెండు సంఖ్యల లబ్ధం అయితే ఆ రెండూ 730కి తక్కువ కాకుండా ఉండటం కుదరదు, ఒకటైనా 729 లోపు ఉండి తీరాలి. అందుకని 729 లోపు ప్రధాన సంఖ్యలతో మాత్రం భాగిస్తే చాలు. అవి 129 ఉన్నాయి. మీరు ఆరింటితో ఆపేశారు. ఇంకా 123 మిగిలాయి.

అన్నింటికీ కలం అరగదీయక్కర్లేదు. 2, 3, 5లను చూపుతోనే కొట్టేయొచ్చు. 532 అంటే 4 × 7 × 19. కాబట్టి 532000 అటు 7తోనూ ఇటు 19తోనూ నిశ్శేషంగా పోతుంది. దానికి 1 కలిపితే రెంటికీ 1 మిగులుతుంది, వాటినీ కొట్టేయొచ్చు. మిగతావి మాత్రం భాగహారం చేయాల్సిందే. నేను చేశాను. ఫోన్లో అర సెకను పని కదా మామ్మా అని మా మనవడు నవ్వాడు. ఇంటరు చదివే గుంటడు, వాడికి భాగహారం అంటే ఒక బటను. నాకు తెల్లకాగితాల నోటుబుక్కు, పక్కన ఫ్యాను ఉంటే చాలు. రెండో సాయంత్రం కరెంటు పోయి ఆ ఫ్యాను కూడా లేకపోయింది, అది వేరే సంగతి.

ఇక్కడే నా పరువు పోయే కథ ఒకటి ఉంది. దాచిపెడితే మీకు ఉపయోగం లేదు కాబట్టి చెబుతున్నాను.

మొదట 532001 పూర్తి చేశాను. 129లో ఒక్కటీ పోలేదు. తర్వాత 535001 పట్టుకున్నాను. దాని వర్గమూలం 731 దాటి కొంచెం. 731 అంటే 17 × 43, ప్రధాన సంఖ్య కాదు, కాబట్టి అవే 129 సరిపోతాయి. మూడు సాయంత్రాలు కూర్చుని అదీ ముగించాను. అందులోనూ ఒక్కటీ పోలేదు! "రెండూ ప్రధాన సంఖ్యలే, పందెం సమానం, జీడిపప్పు చెరిసగం" అని మీకు జవాబు కూడా రాసేశాను. రెండు ఊళ్లతోనూ మాట పడకుండా బయటపడ్డానని సంతోషించాను కూడా.

కవరు అంటించే ముందు ఇంకో ముచ్చట కలుపుదామనిపించింది. ప్రధాన సంఖ్యలను 4తో భాగించి చూస్తే (2ని పక్కన పెట్టండి) కొన్నింటికి 1, కొన్నింటికి 3 మిగులుతుంది. 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు, అదీ ఒకే ఒక్క రకంగా. 5 అంటే 1 + 4. 13 అంటే 4 + 9. 29 అంటే 4 + 25. ఫ్రాన్సులో ఫెర్మా అనే గణితజ్ఞుడు ఈ సంగతిని 1640 డిసెంబరు 25న తోటి గణితజ్ఞుడు మెర్సెన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు, రుజువు మాత్రం ఇవ్వలేదు. వందేళ్లు గడిచాక ఆయిలర్ అనే ఇంకో గణితజ్ఞుడు రుజువు చేశాడు. 3 మిగిలే ప్రధాన సంఖ్యకు ఆ భాగ్యం లేదు. 7ని, 11ని ప్రయత్నించి చూడండి, కుదరదు.

మీ రెండు పిన్‌లకూ చివర 01 ఉంది కనుక 4తో భాగిస్తే 1 మిగులుతుంది. అయితే రెంటికీ తలా ఒక జత వర్గాలు దొరకాలి. వెతకడం మొదలుపెట్టాను.

గుడ్డిగా వెతికితే 729 సంఖ్యలు. తెలివిగా వెతికితే అంత అక్కర్లేదు. ఏ వర్గాన్నైనా 5తో భాగిస్తే 0, 1, 4లలో ఒకటే మిగులుతుంది. మొత్తానికి 1 మిగలాలంటే ఒకదానికి 0, రెండోదానికి 1 రావాలి. అంటే ఒక సంఖ్య 5 గుణిజం, దాని వర్గం 25 గుణిజం. 532001ని 25తో భాగించినా 1 మిగులుతుంది. కాబట్టి రెండో సంఖ్య 25 గుణిజానికి ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో అయి ఉండాలి: 1, 24, 26, 49, 51... ఇలా 726 దాకా 59 వస్తాయి. 3తో భాగించి చూస్తే ఏ సంఖ్యా 3 గుణిజం కాకూడదని తేలుతుంది. 8తో చూస్తే, సరి సంఖ్య ఉంటే అది 4 గుణిజమే కావాలని తేలుతుంది. ఈ జల్లెడలన్నీ పట్టాక 29 మిగిలాయి. ఒక్కోదాని వర్గాన్ని 532001 నుంచి తీసేసి, మిగిలినది వర్గం అవుతుందా అని చూడటమే పని.

149 దగ్గర కాస్తలో తప్పింది. పదిహేనోది 376. దాని వర్గం 141376. 532001లోంచి తీసేస్తే 390625. లెక్కల టీచరుగా ఇన్నేళ్లు బతికినదాన్ని, ఆ సంఖ్య కాగితం మీద పడగానే కుర్చీలోంచి లేచాను. అది 625 వర్గం.

532001 = 376² + 625².

ఇందులో లేచి నిలబడేంత ఏముంది అంటారా? 376 వర్గం మళ్లీ చూడండి: 141376. చివర 376. 625 వర్గం: 390625. చివర 625. వర్గం చేసినా తమ తోకను తామే మోసుకొచ్చే సంఖ్యలివి. ఆటోమార్ఫిక్ సంఖ్యలంటారు. ఒక అంకెలో 0, 1 వదిలేస్తే 5, 6 మాత్రమే. రెండు అంకెల్లో 25, 76. మూడు అంకెల్లో ఈ రెండే, 376, 625. మూడోది లేదు. మూడు అంకెల సంఖ్యలు 900 ఉంటే అందులో ఉన్న ఇద్దరూ వచ్చి మా పుట్టింటి పోస్టాఫీసు నంబరులో కూర్చున్నారు!

అలా ఎందుకు వచ్చిందో కూడా చెప్పేస్తాను, గట్టి లెక్కే. 376 అంటే 8 గుణిజం, 125 గుణిజానికి ఒకటి ఎక్కువ. 625 అంటే 125 గుణిజం, 8 గుణిజానికి ఒకటి ఎక్కువ. అందుకని 376 × 375 కచ్చితంగా 141000, 625 × 624 కచ్చితంగా 390000. ఒక్కోదాని వర్గం అంటే అదే సంఖ్యకు ఈ వేలు కలపడమే. ఇప్పుడు రెండు వర్గాలూ కూడితే వేలు 531000, తోకలు 376 + 625 = 1001. మొత్తం 532001. పిన్ చివర ఉన్న 001 ఆ తోకలు కలిసి పుట్టించింది. చిన్న తోబుట్టువులు కూడా ఇంతే: 5, 6 కలిస్తే 11, వాటి వర్గాలు కలిస్తే 61. అది ప్రధాన సంఖ్య. 25, 76 కలిస్తే 101, వాటి వర్గాలు కలిస్తే 6401. అది 37 × 173, పోయింది. మూడో జత మళ్లీ నిలబడింది.

అదే ఉత్సాహంలో 535001కి అవే 29 సంఖ్యలు వేసి చూశాను. జల్లెడలన్నీ దానికీ సరిగ్గా అవే, మళ్లీ జాబితా రాసే పని కూడా లేదు. ఒకటి, రెండు, పది, ఇరవై... 29 అయిపోయాయి. ఏదీ కుదరలేదు.

ప్రధాన సంఖ్య అయితే జత దొరకాలి. దొరకలేదు. ఫెర్మా తప్పు కాడు, ఆయిలర్ తప్పు కాడు. ఇంక మిగిలింది నేనే. టెన్షన్ మొదలైంది. వందకు పైగా భాగహారాల్లో తప్పు ఎక్కడ? మొదటి నుంచీ మళ్లీ చూసుకుంటూ వచ్చాను. 47 దగ్గర దొరికింది. 390 లోంచి 47 ఎనిమిదులు తీసేయాలి. నలభై ఏడు ఎనిమిదులు మూడు వందల అరవై ఆరు అని వేసి ఉంది, నా చేత్తోనే, గుండ్రంగా. నిజానికి ఎంత? మూడు వందల డెబ్భై ఆరు. 376! అరగంట క్రితం ఏ సంఖ్యను చూసి కుర్చీలోంచి లేచానో, దాన్నే పక్క పేజీలో తప్పు వేసి కూర్చున్నాను. సరిదిద్దితే 14 మిగిలింది, పక్కన 1 దింపితే 141, 47 మూళ్లు 141. సున్నా. 535001 విరిగిపోయింది. మిగిలిన 11383 మాత్రం ఇంక విరగదు, అది ప్రధాన సంఖ్యే. ప్రధాన సంఖ్యల వరసలో 47 పదిహేనోది, నా 29 జాబితాలో 376 కూడా పదిహేనోదే. దీని వెనక లెక్క ఏమీ లేదు, ఊరికే చెప్పాను.

మరి 535001ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది కదా, జత ఎందుకు లేదు? 47ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది. 11383కీ 3 మిగులుతుంది. మూడు మూళ్లు తొమ్మిది, 4తో భాగిస్తే 1. ఇద్దరు 3 వాళ్లు కలిసి 1 వేషం వేసుకొచ్చారు. ఫెర్మా మాట ప్రధాన సంఖ్యలకే వర్తిస్తుంది. 3 మిగిల్చే ప్రధాన సంఖ్య ఏదైనా కారణాంకాల్లో బేసి సార్లు ఉంటే, ఆ సంఖ్యకు రెండు వర్గాల జత ఉండదు.

మొదట రాసిన జవాబు చింపేశాను. కవరు మాత్రం వాడుకున్నాను.


ప్రశ్న: మా బావమరిది మీకు ఉత్తరం రాశాడని తెలిసింది. మా షాపు 535001, ఇల్లు 535002. సరి సంఖ్య కదా, ప్రధాన సంఖ్య ఎలాగూ కాదు అని ఇంటి నంబరు పందెంలో పెట్టలేదు. ఒకవేళ నేను ఓడిపోతే, దాని గురించైనా ఒక మంచి మాట చెప్పండి.
– ఒక వ్యాపారి, మూడు లాంతర్ల దగ్గర, విజయనగరం

జవాబు: బాబుగారూ, ఓడిపోయారు. కానీ మీరు పందెంలో పెట్టని నంబరే అసలు అందగత్తె.

535002ని 2తో, తర్వాత 3తో భాగించండి. 89167 వస్తుంది. 7తో పోదు, 11తో పోదు, 13తో పోతుంది. మిగిలేది 6859. ఇరవై దాకా ఘనాలు నోటికి వచ్చిన పిల్లలు ఇక్కడ చప్పట్లు కొడతారు, ఎందుకంటే అది 19 × 19 × 19. అంటే మీ ఇంటి పిన్ 2 × 3 × 13 × 19³.

మీది షాపు కాబట్టి షాపు భాషలో చెబుతాను. ఘనాకారంలో ఉన్న సబ్బుబిళ్లలు 535002 వచ్చాయనుకోండి. అడ్డంగా 19, నిలువుగా 19, ఎత్తు 19 పట్టే అట్టపెట్టెల్లో సర్దితే 78 పెట్టెలు నిండుతాయి, ఒక్క సబ్బు మిగలదు. ఆ 78 పెట్టెలను గోడకు ఆనించి కింద వరసలో 12, దాని మీద 11, ఆ పైన 10, అలా పైకి ఒక్కటి దాకా పేర్చండి. సరిగ్గా సరిపోతాయి. 1 నుంచి 12 దాకా కూడితే 78 కదా. మీ బావమరిది నంబరుతో ఇలా ఏదైనా సర్దమనండి చూద్దాం. 532001 సబ్బులను ఒకే వరసలో పేర్చుకోవాలి తప్ప రెండో దారి లేదు. నాగావళి వంతెన మీద కూడా చోటు చాలదు.

ఇంకో రకం వర్గీకరణ కూడా ఉంది, చాలా పాతది. సుమారు 1900 ఏళ్ల కిందటి గ్రీకు గణితజ్ఞుడు నికోమాకస్ సంఖ్యలను మూడు జాతులుగా విడదీశాడు. ఒక సంఖ్యను భాగించే చిన్న సంఖ్యలన్నీ (అదే సంఖ్యను వదిలేసి) కూడాలి. కూడిక ఆ సంఖ్యకు సమానమైతే పరిపూర్ణ సంఖ్య. 6కు 1, 2, 3 కూడితే 6, అలాగన్నమాట. 28 కూడా అంతే. తక్కువ వస్తే లోటు సంఖ్య, ఎక్కువ వస్తే మిగులు సంఖ్య. ఈ తెలుగు పేర్లు నావే, బడ్జెట్ భాషలోంచి తెచ్చాను. 535002కు మొత్తం 32 భాజకాలు. ఆ సంఖ్యను వదిలేసి మిగతా 31 కూడితే 681318. అసలు సంఖ్య కన్నా 146316 ఎక్కువ. మిగులు బడ్జెట్. శ్రీకాకుళం పిన్‌కు కూడటానికి ఉన్నది 1 ఒక్కటే, అంతకన్నా తక్కువ కూడిక 1 దాటిన ఏ సంఖ్యకూ రాదు.

పక్కనే ఉన్న 535003 కూడా చూశాను. 7 × 23 × 3323. చెప్పుకోవడానికి ఏమీ కనబడలేదు.


ప్రశ్న: శ్రీకాకుళంలో ఇల్లు కొనాలనుకుంటున్నాం. 532001 అంకెలన్నీ కూడితే 11, మళ్లీ కూడితే 2. ఈ సంఖ్య మా వారి పేరుకు పడదని ఒకరు చెప్పారు. మీ అభిప్రాయం?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: అమ్మా, అంకెలు కూడగా వచ్చిన 2 ఒక్క సంగతే చెబుతుంది. ఆ సంఖ్యను 9తో భాగిస్తే 2 మిగులుతుందని. చేసి చూసుకోండి, 9 × 59111 = 531999, మిగిలింది 2. నీళ్లు వస్తాయా, మెట్లు నిలువుగా ఉన్నాయా అన్నవి ఆ 2కి తెలియవు.

ఆ నంబరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసినదే. పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. దాన్ని రూపొందించింది శ్రీరామ్ భికాజీ వేలంకర్. తపాలా అధికారి, సంస్కృతంలో కవి కూడా. మొదటి అంకె దేశంలో ఏ ప్రాంతమో చెబుతుంది. తెలుగు రాష్ట్రాలకూ కర్ణాటకకూ 5. మొదటి మూడు అంకెలు ఉత్తరాలు విడదీసే జిల్లాను, చివరి మూడు పోస్టాఫీసును చెబుతాయి. ఉత్తరం తప్పిపోకుండా పెట్టిన నంబరు. మీ వారి పేరును ఎవరూ అడగలేదు. ఇంటి కాగితాలు మాత్రం లాయరుకు చూపించండి, అక్కడ ఒక అంకె తప్పినా నిజంగానే పడదు.


ప్రశ్న: టీచర్, నేను ఎనిమిదో తరగతి. మా ఆమదాలవలస పిన్ 532185. చివర 5 ఉంది కాబట్టి ప్రధాన సంఖ్య కాదని నాకు తెలుసు. అన్నిటికన్నా పెద్ద ప్రధాన సంఖ్య ఏది?
– ఒక విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: అలాంటిది లేదమ్మా. ఏదో ఒకటి చివరిది అని నువ్వు అన్నావనుకో. అప్పటిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ గుణించి 1 కలుపుతాను. దాన్ని నీ జాబితాలో దేనితో భాగించినా 1 మిగులుతుంది, మన 532000 పక్కన 532001 లాగే. కాబట్టి నీ జాబితాలో లేని ప్రధాన సంఖ్య ఇంకొకటి ఉండి తీరాలి. ఇది గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ ఆలోచన, రెండువేల ఏళ్లు దాటింది.

తెలిసినవాటిలో పెద్దది అంటే వేరు. 2024 అక్టోబరులో ఒకటి ప్రకటించారు, అప్పటికి తెలిసినవాటన్నిటిలో అదే పెద్దది. 2ను 13,62,79,841 సార్లు వేసుకుని గుణించి, అందులోంచి 1 తీసేయాలి. ఆ సంఖ్యలో 4,10,24,320 అంకెలు ఉన్నాయి. నా నోటుబుక్కు పద్ధతి దాని దగ్గర పనిచేయదు, కంప్యూటర్లు కూడా ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోవు, వేరే పరీక్షలు పెడతాయి.

మీ ఊరి పిన్ సంగతి సగమే చెప్పావు. 5తో పోతుంది, సరే. అంకెలు కూడితే 24, కాబట్టి 3తో కూడా పోతుంది. రెండూ తీసేశాక 35479 మిగులుతుంది. 20 లోపు ఒక ప్రధాన సంఖ్య దాన్ని విరగ్గొడుతుంది. అదేదో కనుక్కుని, మిగిలినది ఇంక విరుగుతుందో లేదో 45 దాకా చూసి, వచ్చే నెలలోపు నాకు రాయి. ఫోన్ ముట్టుకోకు.